హితవచనమా? స్వకార్యమా?

మా తాతగారు తెలంగాణము నుండి నేతపనికై షోలాపురమునకు వలసవచ్చిరి. నూలు బేరమున ఆయన పాటించిన నియమమొకటి మా ఇంట నేటికిని వినబడుచుండును: "సరుకు మంచిదని చెప్పువానిని, అది నీ కొట్టులో నెంత యున్నదని మొదట అడుగుము." షేర్ల బేరమున నేనా నియమమును మరచితిని.

2017వ సంవత్సరమున, ఆదివారములందు కూడెడు మా మిత్రబృందమున ఒక పెద్దమనిషి ఒక చిన్న కంపెనీ షేరును తెగ పొగడుచుండెను. ఆయన నోట నష్టము మాట ఎన్నడును రాలేదు. "రేపటికి ఈ ధరకు దొరక"దని తొందరపెట్టెను. లెక్కలడిగినవానిని పిరికివాడని పరిహసించెను. ఇద్దరు ముగ్గురు కొత్తవారు వచ్చి ఆ మాటలనే వల్లించిరి. ఈ గురుతులన్నియు నా కన్నులయెదుటనే యున్నవి. ఆశ వానిని చూడనీయలేదు. 38 రూపాయల వంతున 2,000 షేర్లు కొంటిని. ధర దినమునకు 5 శాతము చొప్పున పెరిగి 60 దాటెను.

ఆ సమయముననే నా బావమరిది సలహా యడిగెను. "సందేహింపక కొనుము" అంటిని. కూతురి కళాశాల రుసుమునకై దాచిన 60,000 రూపాయలు పెట్టి అతడు వేయి షేర్లు కొనెను. తరువాత ధర పడసాగెను. ప్రతిదినము లోయర్ సర్క్యూట్. అమ్మువారే గాని కొనువారు లేరు. చివరకు 14 రూపాయలకు వదిలించుకొంటిమి.

ఇందలి కిటుకు పాతదే. ప్రజలచేత తక్కువ షేర్లున్న కంపెనీని ఆపరేటర్లు ఎన్నుకొందురు. చడిచప్పుడు లేక కూడబెట్టుదురు. తమలో తామే కొని అమ్ముచు ధర పెంచుదురు. పిమ్మట టిప్పులు వెదజల్లుదురు. మనము కొనునప్పుడు అమ్మువారు వారే. మంచి షేరును నిందించి చవుకగా కాజేయువారును కలరు. 1988లో ఏర్పడిన సెబీకి 1992లో చట్టబద్ధమైన అధికారములు లభించినవి. షేర్లను గూర్చి నివేదికలు వ్రాయు విశ్లేషకులు ఆ కంపెనీలో తమకుగల ఆర్థికప్రయోజనమును తెలుపవలెనని 2014 నాటి నిబంధనలు విధించినవి. కంపెనీలో ఎవరికెంత వాటా కలదో మూడేసి నెలలకొకమారు ప్రకటింపబడును. ఒక్కదినమున కంపెనీ షేర్లలో 0.5 శాతమునకు మించి ఒకరే కొన్నను అమ్మినను ఆ వివరమును ఎక్స్ఛేంజి వెల్లడించును. చూచు ఓపిక యున్నచో దాపరికము కొంతవరకు బయటపడును.

నా బావమరిది నన్ను నిందింపలేదు. ఒకనాడు భోజనము చేయుచు మెల్లగా అడిగెను: "బావగారూ, నాకు కొనుమని చెప్పిననాడు మీయొద్ద ఎన్ని షేర్లున్నవి?"

అది తాతగారి ప్రశ్నయే. రెండువేలున్నవని చెప్పి తలవంచుకొంటిని. అతనిని మోసగింపవలెనని నేను తలపలేదు. కాని అతడు కొన్నచో నా ధర నిలుచునన్న ఆశ ఆ సలహాలో లేదని ప్రమాణము చేయజాలను. పరుల స్వకార్యమును వెదకుటకు ముందు నాలోని దానిని చూడవలసియుండెను.

అతని నష్టమైన 46,000 రూపాయలను రెండేండ్లలో తీర్చితిని. వలదన్నను వినలేదు. ఇప్పుడు మన సంఘమున ఎవరైన షేరు మాట యెత్తినచో, నాయొద్ద అవి ఎన్ని యున్నవో ముందు చెప్పి, పిమ్మటనే నోరు విప్పుచున్నాను.