జాగ్రత్తలోని జాగ్రదవస్థ

తెలుగువారు దినానికి పదిసార్లైనా పలికే మాట 'జాగ్రత్త'. ప్రయాణమై వెళ్ళేవారికి చెబుతాం; పసిబిడ్డను చేతికి అందిస్తూ చెబుతాం; ఒక వస్తువును మరొకరికి అప్పగించేటప్పుడు చెబుతాం. వేదాంతం వివరించే అవస్థాత్రయంలో మొదటిదైన జాగ్రదవస్థ ఏ ధాతువు నుండి పుట్టినదో, మన ఈ నిత్యవ్యవహార పదం కూడా ఆ ధాతువు నుండే పుట్టినది. కనుక ఒక వస్తువును జాగ్రత్తగా ఉంచడమంటే, దాని విషయంలో నిద్రపోకుండా ఉండడమని అర్థం. పదార్థం ఇంత స్పష్టంగా ఉన్నప్పటికీ, అది నాకు అనుభవంలోనికి వచ్చినది ఒక పాత మోటారు సైకిలును కొన్న సందర్భంలో.

ఆత్మవిచారణకూ మోటారు సైకిలుకూ ఏమి సంబంధమని సాధకులకు సందేహం కలగవచ్చు. మన జీవితకాలంలో అధికభాగం వస్తువుల నడుమనే గడుస్తున్నది. వాటి ఎడల మన వర్తనం ఎట్టిదో పరిశీలించడం కూడా విచారణలో భాగమేనని నా అభిప్రాయం.

నేను కొన్నది యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో మన దేశంలో ప్రవేశించి 1996 వరకు తయారైన ఈ వాహనాన్ని ఎరుగనివారు నడివయస్సు దాటిన తెలుగువారిలో అరుదు. జపాను దేశపు యమహా సంస్థ సహకారంతో ఎస్కార్ట్స్ సంస్థ దీనిని నిర్మించినది. యంత్ర పరిమాణం 98 సి.సి., శక్తి 11 అశ్వశక్తులు, బరువు నూరు కిలోలకు అటూ ఇటూ. శరీరం స్వల్పం, వేగం అధికం. 1996లో వాహనధూమంపై నియమాలు కఠినతరమయ్యాయి; ఆ సంవత్సరంలోనే దీని ఉత్పత్తి ముగిసినది. 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటిన వాహనానికే 'వింటేజ్' అనే హోదా లభిస్తుంది. ఆ లెక్కన నా వాహనం ఇంకా యౌవనంలోనే ఉన్నది. లోకవ్యవహారంలో మాత్రం అది పురాతన వస్తువు.

దీని మూలచరిత్ర కూడా చింతనకు తగినదే. 1887లో తొరకుసు యమహా అనే వ్యక్తి జపానులోని హమమత్సు పట్టణంలో, ఒక పాఠశాలలో చెడిపోయిన రీడ్ ఆర్గాన్ అనే వాద్యాన్ని బాగుచేశాడు. ఆ మరమ్మతు నుండి వాద్యనిర్మాణం, దాని నుండి ఒక మహాసంస్థ ఉద్భవించాయి. మోటారు సైకిళ్ళ కొరకు 1955లో వేరొక సంస్థ ఏర్పడినది. నేటికీ యమహా చిహ్నంలో కనబడేవి మూడు శ్రుతిదండాలు. ఆర్‌ఎక్స్ 100లో కార్బురేటరుకూ యంత్రానికీ మధ్య 'రీడ్ వాల్వ్' అనే చిన్న భాగం ఉన్నది. అందులోని పలుచని రేకులు గాలినీ ఇంధనాన్నీ లోనికి పోనిస్తాయి, వెనుకకు మరలనీయవు. మన భజనమందిరాలలోని హార్మోనియంలో స్వరం పలికేది కూడా అటువంటి పలుచని రేకే. రెండింటిలోనూ ఊపిరి సాగేది అటువంటి రేకుల మీదుగానే. చెడినదానిని చక్కదిద్దడంతో ఆరంభమైన పరంపరలో పుట్టిన యంత్రం ఇది అన్న భావన నాకు ప్రీతిని కలిగించినది.

ఇక అన్వేషణ విషయం. సంవత్సరకాలంలో పన్నెండు వాహనాలను చూశాను. వాటిలో అధికం నేత్రానందకరాలు: నూతనవర్ణం, తళతళలాడే మడ్‌గార్డులు, క్రొత్త సీటు. ట్యాంకు మూత తెరచి లోపల దీపం వేసి చూస్తే తుప్పు. సైలెన్సర్ లోపలి గొట్టాన్ని శబ్దం కొరకు తీసివేసినవి కొన్ని. ఛాసిస్ మీద కొట్టిన సంఖ్యకూ ఆర్‌సీలోని సంఖ్యకూ పొంతన లేనివి రెండు. ఒక దళారి నేను వెళ్ళకముందే ఇంజన్‌ను వేడిచేసి ఉంచాడు. చల్లని ఇంజన్ మొదటి కిక్కులకు ఎట్లా స్పందిస్తుందో, ఎంతసేపు ఎటువంటి పొగ విడుస్తుందో కొనేవానికి తెలియకుండా చేయడానికి ఇది ప్రసిద్ధమైన ఉపాయం. కొన్ని నెలలకు నాకు ఒక భేదం స్ఫురించినది. అలంకారం ఒక వారంలో కొనదగినది. సంరక్షణను అట్లా కొనలేము. అది కాలంలో మాత్రమే సంచితమవుతుంది.

పదమూడవ వాహనం తణుకులో ఒక విశ్రాంత ఉద్యోగి ఇంట ఉన్నది. ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, గోదావరి కాలువగట్ల మీద జీవితం గడిపినవారు. ఫోనులోనే ఆయన అన్న మాట నన్ను ఆకర్షించినది. "మీరు వచ్చేదాకా నేను స్టార్ట్ చెయ్యనండి. చల్లటి ఇంజనే మీరు చూడాలి."

వెళ్ళి ఇంజన్ మీద చేయి వేశాను. చల్లగా ఉన్నది. మోకాళ్ళ బాధ వల్ల ఆయన కిక్ కొట్టలేరు. అమ్మకానికి కారణం కూడా అదే. నన్నే కొట్టమన్నారు. చోక్ లాగి రెండవసారి కొట్టగానే యంత్రం మేల్కొన్నది. కొంత తెల్లని పొగ వచ్చి, కొద్దిసేపటికి పలుచబడినది. నేను ప్రశ్నించకముందే ఆయన దోషాలు ఏకరువు పెట్టారు: వెనుక మడ్‌గార్డు లోపలివైపు తుప్పు, ఒక్కొక్కసారి గట్టిగా పడే మూడవ గేరు, ఒకసారి సొట్ట తీయించిన ట్యాంకు. రంగు మాత్రం 1993 నాటిదే. మోకాళ్ళు ఆనే చోట ట్యాంకుపై నలుపు వెలిసి, లోహం లీలగా కనబడుతున్నది. నేను చూసిన పన్నెండింటికంటే ఇది తక్కువగా మెరిసినది.

తరువాత ఆయన లోపలికి వెళ్ళి అట్ట వేసిన ఒక పొడవైన నోటుపుస్తకం తెచ్చారు. కొన్న దినం నుండి తేదీ, మీటరు సంఖ్య, చేసిన పని, అయిన ఖర్చు అందులో వరుసగా లిఖించబడి ఉన్నాయి. ప్లగ్గు శుభ్రం చేసినది, చైను బిగించినది, గేరు ఆయిల్ మార్చినది, 41 వేల కిలోమీటర్ల వద్ద బోరు చేయించి పిస్టన్ మార్పించినది. ఒక పుటలో నా దృష్టి నిలిచిపోయినది. 2004లో రెండు పంక్తుల నడుమ నాలుగు నెలల ఎడం ఉన్నది. ఆ ఎడానికి ముందు వ్రాసిన పంక్తి ఇది: "పెట్రోలు కాక్ మూసి, కార్బురేటరు ఖాళీ అయ్యేదాకా ఇంజన్ ఆడించాను." నిలువ ఉన్న పెట్రోలు క్రమంగా జిగురుగా మారి కార్బురేటరులోని సూక్ష్మరంధ్రాలను మూసివేస్తుంది, దీర్ఘకాలం వాహనాన్ని కదపలేనివారు చేయవలసిన పని అదే. ఆ నాలుగు నెలలు ఏమైనదని అడిగాను. "మా ఆవిడ ఆసుపత్రిలో ఉందండి. ఆ తరవాత లేదు," అన్నారు.

ఆ పంక్తిని నేను మరల చదివాను. భార్యను ఆసుపత్రిలో చేర్చే దినాన ఒక మోటారు సైకిలును గూర్చి తలచినవాడు కఠినహృదయుడని ఎవరైనా అనవచ్చు. నాకు అట్లా తోచలేదు. తాను ఎంతకాలం తిరిగిరాలేడో ఎరిగి, ప్రతి పనినీ దాని స్థానంలో ఉంచి, ఆ తరువాత పూర్తిగా ఆమె వద్దనే ఉండిపోయిన మనిషి నాకు కనిపించాడు. మెలకువ అనేది ఒక విషయంలో ఉండి మరొక విషయంలో లేకుండా పోయేది కాదేమో.

నా కంటే ముందు వచ్చిన ఒక దళారి పదివేల రూపాయలు అధికంగా ఇస్తానన్నాడట. మడ్‌గార్డు కోసి, హ్యాండిల్ మార్చి, ఒక యువకునికి అమ్మాలని అతని సంకల్పం. ఆయన ఒప్పుకోలేదు. నన్ను మాత్రం మూడు ప్రశ్నలు అడిగారు. "ఎక్కడ పెడతారండీ, నీడ ఉందా? వారానికి ఒక్కసారైనా తీస్తారా? పని ఎవరిచేత చేయిస్తారు?" కన్యాదాతకు తగిన ప్రశ్నలివి. సమాధానాలు చెప్పాను. ధర గూర్చి బేరమాడడానికి నాకు మనస్కరించలేదు. దోషాలన్నిటినీ తానే చెప్పి, వాటిని తగ్గించే అడిగారు.

ఇక్కడ ఒక తాత్త్విక ప్రశ్న ఉదయిస్తుంది. ముప్పై సంవత్సరాలకు పైగా ఒక జడవస్తువును ఇట్లా కాపాడడం మమకారం కాదా? మమకారమే బంధహేతువని పెద్దలు చెప్పగా, దీనిని ప్రశంసించడం ఉచితమా? నేను కూడా ఈ శంకతోనే ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పగించే సమయంలో ఆయనకు దుఃఖం కలుగుతుందని, నేను ఏదో సాంత్వనవచనం పలకవలసి ఉంటుందని ఊహించాను. ఆయన గుడ్డతో సీటు తుడిచి, తాళంచెవి నా చేతిలో పెట్టి, చివరి ఉపదేశం చేశారు. "పల్లంలో యాక్సిలరేటరు పూర్తిగా మూసి ఎక్కువసేపు దొర్లించకండి బాబూ. ఇంజనుకు నూనె అందదు." టూ స్ట్రోక్ యంత్రంలో కందెన ఇంధనంతోపాటే లోనికి చేరుతుంది కనుక అది యథార్థం. "మీకు బాధగా లేదా అండీ?" అని అడిగాను. "నా వంతు పని నేను చేశానండి. ఇక మీ వంతు," అన్నారు.

మమకారానికీ జాగ్రత్తకూ భేదం నాకు అక్కడ స్పష్టమైనది. మమకారం వస్తువును 'నాది' అని పలుకుతుంది, దాని అవసరాన్ని మరచిపోతుంది. దొడ్డిలో వర్షానికి తుప్పుపడుతున్న వాహనాన్ని ఎవరైనా అడిగితే 'అది మా నాన్నగారిది, ఇవ్వము' అనే ఇళ్ళను మనం చూస్తూనే ఉంటాం. జాగ్రత్త వస్తువుకు ఏమి కావాలో విచారిస్తుంది. దానికి నీడ కావాలంటే నీడనిస్తుంది, మరొక యజమాని కావాలంటే యజమానినే వెదకి ఇస్తుంది. చక్కగా కాపాడినవానికే విడిచిపెట్టడం సులభమైనది.

'యజమాని' అనే మాట కూడా ఈ సందర్భంలో విచారణీయం. మూలంలో యజమానుడనగా యజ్ఞకర్త, ద్రవ్యాన్ని సమర్పించేవాడు. వాడుకలో అది స్వామిత్వానికి పర్యాయమైనది. ఆర్‌సీలో యజమాని పేరు మారడానికి ఫారం 29, ఫారం 30 పూర్తిచేసి ఇద్దరం సంతకాలు చేశాం. స్వంతవాహనపు నమోదుకు 15 సంవత్సరాలే గడువు. తరువాత ప్రతి 5 సంవత్సరాలకు వాహనాన్ని చూపించి పునరుద్ధరించుకోవాలి. 1993 నాటి ఆ వాహనం 2008 నుండి 2023 వరకు నాలుగుసార్లు అట్లా పరీక్షకు నిలిచినది. శాసనం సైతం ఎవరికీ శాశ్వతమైన హక్కు నివ్వలేదు. అయిదేసి సంవత్సరాల అనుమతి మాత్రమే ఇచ్చినది.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. ఇటువంటి యంత్రం నూనెను కూడా దహిస్తుంది. కొంత ఇంధనం కాలకుండానే పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. ప్రభుత్వనియమాలు దీనిని నిలిపివేసినందుకు కారణం న్యాయమైనదే. అందుచేత దీనిని నేను నిత్యవాహనంగా వాడడం లేదు. ఆదివారం ప్రాతఃకాలంలో కొద్దిదూరం నడిపి, తుడిచి, నీడలో నిలుపుతాను. నూనె పాళ్ళు మించనీయను, సైలెన్సర్ లోపలి గొట్టాన్ని తీయను. గాలి అందరిదీ కనుక, నా ప్రీతికి హద్దు ఉండాలి. ఆ హద్దును పాటించడం కూడా జాగ్రత్తలో భాగమే.

నోటుపుస్తకం ఇప్పుడు నా వద్ద ఉన్నది. ఆయన అక్షరాల క్రింద నా అక్షరాలు ఆరంభమైనాయి. నా వయస్సు యాభై రెండు. నా మోకాళ్ళు కూడా ఒకనాడు కిక్ కొట్టడానికి నిరాకరిస్తాయి. అప్పుడు ఏ ప్రశ్నలు అడగాలో నాకు తెలుసు.

సాధకులకు ఒక్క విన్నపం. మీ గృహంలో తరతరాల నుండి వచ్చిన వస్తువు ఏదైనా ఉంటుంది: తంబుర, రోలు, కుట్టుమిషను, తాతగారి సైకిలు. దానికి ఈనాడు ఏమి కావాలో ఒకసారి చూడండి. తుడవడమో, నూనె వేయడమో, వాడేవారికి ఇచ్చివేయడమో. ఆ చిన్నపనిని పూర్తి మెలకువతో చేయగలిగిన దినాన, జపానికి కూర్చున్నప్పుడు కూడా ఆ మెలకువ కొంత మిగిలి ఉండడం మీరే గమనించగలరు.