మోటారు రోగనిదానము

నిదానమను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగకారణమును నిర్ణయించుట. వాడుకలో నిదానమనగా తొందరపడకుండుట. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పునపుడు ఈ రెండవ యర్థమే మనకు స్ఫురించును. ఆ రెండును ఒకదానిని విడిచి యొకటి యుండజాలవని మాకు నేర్పినది ఒక నూలు మిల్లులోని మోటారు. ఆ పాఠమునకు వెల చెల్లించినది మాత్రము మేము గాము, వేరొకరు. అందుచేతనే దానిని విద్యార్థుల యెదుట చెప్పవలెనని తోచినది.

మేము చదువు ముగించి గుంటూరు ప్రాంతమునందలి యొక మిల్లులో విద్యుద్విభాగమున పనికి కుదిరి అప్పటికి రెండేండ్లు. నూలు వడకు గదులలో గాలికి తగినంత తేమ లేనియెడల దారము తెగుచుండును. అందులకై హ్యుమిడిఫికేషను ప్లాంటునందు పెద్ద పంకాలు నీటి తుంపరల గుండ గాలిని లాగి గదులకు పంపుచుండును. అట్టి పంకాలలో నొకదానిని త్రిప్పునది 40 అశ్వశక్తుల ఇండక్షను మోటారు.

ఫారడే 1831లో విద్యుత్ప్రేరణమును కనుగొనెను. డొలీవో డొబ్రొవొల్‌స్కీ 1889లో మూడు ఫేజుల ఇండక్షను మోటారును నిర్మించెను. నాటినుండి కర్మశాలలలో నింతకంటె ఓర్పుగల సేవకుడు లేడు. దాని తిరుగు భాగమునకు తీగలు లేవు, బ్రష్షులు లేవు. ఒరసికొని యరుగునవి రెండు కొనలయందలి బేరింగులు మాత్రమే. మా మోటారు తొమ్మిదేండ్లు సరఫరా తీగలకు నేరుగా తగిలింపబడి తిరిగెను. ఆ కాలమున బేరింగులు మార్చినది ఒక్కసారియే.

పిదప విద్యుత్తు పొదుపు చేయదలచి యజమానులు దానికొక డ్రైవును పెట్టించిరి. పంకా వేగమును ఐదవవంతు తగ్గించిన, దానికి వలయు శక్తి దాదాపు సగమునకు దిగును. వానకాలమున అంత గాలి యక్కరలేదు గనుక లాభము స్పష్టము. డ్రైవనునది 415 వోల్టుల సరఫరాను మొదట 580 వోల్టులకు దగ్గరగా నుండు ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దానిని సెకనునకు కొన్నివేల పర్యాయములు తునకలు చేసి, కోరిన వేగమునకు తగినట్లు మోటారునకు పంపును.

డ్రైవు వచ్చిన యైదవ నెలలో మోటారు ఊళపెట్ట నారంభించెను. బేరింగులు మార్చితిమి. మరల నైదు నెలలకు అదే ఊళ. విప్పి చూడగా గ్రీజు కాటుకవలె నల్లబడి యుండెను.

మేము పరీక్షకు పూనుకొంటిమి. మూడు ఫేజుల వోల్టేజీలు సమానముగ నుండెను, కరెంటులును సమానమే. డ్రైవును ఆపి, లోపలి కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు దిగిపోవుటకు పెట్టెపై వ్రాసిన వ్యవధి వేచియుండి, కేబులును విడదీసి, మెగ్గరుతో మోటారు చుట్టలను చూచితిమి. లోపము లేదు. (కేబులు విడదీయకయే మెగ్గరు పెట్టినచో డ్రైవే చెడును.) మోటారు షాఫ్టునకును పంకా షాఫ్టునకును వరుస సరిగనే యుండెను. సాధారణ మీటరుతో షాఫ్టును తాకి చూచితిమి; చెప్పదగినదేమియు కనబడలేదు. ఇక మిగిలినది గ్రీజొక్కటే యనుకొంటిమి. "గ్రీజు పెట్టుటలో అశ్రద్ధ" యని నివేదికలో వ్రాసి సంతకము చేసితిమి.

గ్రీజు పెట్టు ఆయిలరు ఏబది దాటిన మనిషి. ఆ మిల్లులో ఇరువదిరెండేండ్లుగా పనిచేయుచుండెను. అంతకు ముందే ఆయన మాతో, "బాబుగారూ, తొమ్మిదేళ్లు నా చేతి గ్రీజుతోనే తిరిగిందండీ. ఆ పెట్టె పెట్టినకాడ్నించే ఈ రొద" అని చెప్పియుండెను. తప్పు తనమీదికి రాకుండ చెప్పు సాకని మేము తలంచితిమి. నివేదిక చూచిన యధికారులు ఆయనను దూది గోదామునకు మార్చిరి. బేలొక్కటి 170 కిలోల బరువు. ఆ వయసున ఆయన వాటిని దొర్లించుటకు పోవలసివచ్చెను. ఆయిలరు పనికిచ్చు భత్యమును పోయెను.

మూడవసారి వేసిన బేరింగులకు గ్రీజును మేమే తూచి, మా చేతులతోనే పెట్టితిమి. నాలుగున్నర నెలలు గడచెను. ఒక వేకువను ప్లాంటులో అడుగుపెట్టగానే అదే ఊళ వినబడెను. అప్పుడు మాకు కలిగిన సిగ్గు ఇప్పటికిని మరపునకు రాదు.

ఆ దినము బేరింగును పారవేయక, రంపముతో వెలుపలి వలయమును రెండు ముక్కలుగా కోయించితిమి. గుండ్లు దొర్లు దారి అద్దమువలె నుండవలసినది. దాని నడుమ నడ్డముగ, సమానమైన యెడములతో, సన్నని గీతలు వరుసలు తీరియుండెను. గ్రీజు లేక యరిగిన లోహము గరుకుగా చెరిగియుండును గాని యింత క్రమముగ గీతలు దేరదు. మొదటి రెండు జతలను మేము కోసి చూచినవారము గాము.

గ్రంథములు వెదకగా సంగతి బోధపడెను. షాఫ్టులలో కరెంటు పుట్టి బేరింగులను చెరచునని పెద్ద యంత్రముల విషయమున ఆల్జర్, సామ్సన్ అను నింజనీర్లు 1924లోనే వ్రాసియుండిరి. డ్రైవుల వలన అదే తెగులు చిన్న మోటారులకును వచ్చినది. మామూలు సరఫరాలో ఏ క్షణమునందైనను మూడు ఫేజుల వోల్టేజీలను కూడిన సున్న వచ్చును. డ్రైవునుండి వచ్చు తీగలలో ప్రతిదియు ప్రతి క్షణమున ధనమో ఋణమో యై యుండును. మూడు బేసి సంఖ్య. మూడింటిని కూడిన సున్న యెన్నటికిని రాదు. ఆ మిగులు మోటారులోని సన్నని గాలి యెడమును దాటి షాఫ్టుపై చేరును. బేరింగులోని గ్రీజు పొర వెండ్రుకకంటె నెంతయో పలుచన. వోల్టేజీ పెరిగి పెరిగి యా పొరను చీల్చుకొని నిప్పురవ్వయై దూకును. ఒక్కొక్క రవ్వ లోహమున కంటికి కానరాని గుంటను చేయును, గ్రీజును మాడ్చును. కోట్లకొలది రవ్వలు తుదకు గీతలగును.

ఒక కళాశాలనుండి ఆసిలోస్కోపును అరువు తెచ్చి, తిరుగుచున్న షాఫ్టునకు మెత్తని బ్రష్షును తాకించి చూచితిమి. వోల్టేజీ ఎక్కుటయు, తటాలున కూలుటయు తెరపై కనబడెను. సెకనులో వేలసార్లు జరుగు నీ కార్యమును సాధారణ మీటరు పట్టజాలదు. మా మీటరు చూడలేనిదానిని మేము లేనిదనుకొంటిమి.

చికిత్స కష్టము గాలేదు. షాఫ్టునకు ఎర్తు బ్రష్షును అమర్చితిమి. పంకాకు ఎదుటి కొనయందు విద్యుత్తును పోనీయని పూతగల బేరింగును వేసితిమి. కవచముగల కేబులును తెప్పించి రెండు కొనలను ఎర్తు చేయించితిమి. ఆ మోటారు మరల ఊళపెట్టలేదు.

రెండవ నివేదికలో మొదటి వాక్యముగ, మా మొదటి నివేదిక తప్పనియు, ఆయిలరునందు దోషము లేదనియు వ్రాసితిమి. ఆయనను పాతపనికి రప్పించిరి. పోయిన నెలల భత్యము మాత్రము తిరిగి రాలేదు. అడిగితిమి గాని ఫలింపలేదు.

నాటినుండి మా పరీక్షపుస్తకమున ప్రతి పుటను నడుమ గీతతో విభజించుచున్నాము. ఒకవైపున "చూచినది", వేరొకవైపున "అనుకొన్నది". "గ్రీజు నల్లబడినది" యనునది మొదటి వైపునకు చెందును. "అశ్రద్ధ" యనునది రెండవ వైపునకు చెందవలసినది. మేము దానిని మొదటి వైపున వ్రాసి యొక మనిషిని బేళ్ల క్రిందికి పంపితిమి. ప్రయోగశాలలో పుస్తకము పట్టు విద్యార్థులు ఈ గీతను ఇప్పుడే గీచికొందురుగాక.

ఆయన తిరిగివచ్చిన దినమున కోసిన బేరింగును చేతికిచ్చి, క్షమింపుమని కోరితిమి. ఆయన దానిని వెలుతురునకు త్రిప్పి, గోటితో గీతలను తడవి చూచి, "రోలుకి గంట్లు కొట్టినట్టుందండీ" అని, గ్రీజు డబ్బాను తీసికొని ప్లాంటువైపు నడచెను.