సగటు లెక్కలో కనిపించని జూలై

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల వెళ్లే దారిలో, పత్తి, మిర్చి చేల నడుమ ఉంటుంది నకరికల్లు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఈ ఊరికి జిల్లా కేంద్రం గుంటూరు కాదు, నరసరావుపేట. ఊళ్లోని ప్రభుత్వాస్పత్రిలో పొద్దున్నే రద్దీ. ఓపీ చీటీల దగ్గర ముసలివాళ్లు ఖాళీ అయిన బీపీ బిళ్లల అట్టలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "సూదేస్తారా, బిళ్లలిచ్చి పంపిస్తారా?" అని బెంచీ మీద ఒకామె పక్కామెను అడుగుతోంది. మేం మాత్రం ఇక్కడి లెక్కల సంగతి చూద్దామని వచ్చాం.

లెక్కలకేం కొదవ లేదు. జ్వరాలు, విరేచనాల వివరాలు వ్యాధుల మీద నిఘా పెట్టే ఐహెచ్‌ఐపీ పోర్టల్‌కు వెళ్తాయి. లక్షణాలను బట్టి ఏఎన్‌ఎం నింపేది ఎస్ ఫారం, డాక్టరు అనుమానించి నింపేది పీ ఫారం, ల్యాబులో తేలింది ఎల్ ఫారం. 2018 నవంబరులో ఈ పోర్టల్‌ను మొదట ప్రయోగించిన 7 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. మందుల రాకపోకలకు ఇ-ఔషధి ఉంది. ఇవిగాక ఆభా అనే ఆరోగ్య ఖాతా సంఖ్యలు, గర్భిణుల వివరాలు, టీకాలు. ప్రభుత్వ వైద్యంలో అంకెలన్నీ పైకే పోతుంటాయి, మండలం నుంచి జిల్లాకు, అక్కణ్నుంచి రాజధానికి. పుట్టినచోట అవి ఎంతవరకు అక్కరకొస్తాయి?

పాము విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీనే చూద్దాం. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. ఆ చావుల్లో సగం జూన్, సెప్టెంబరు మధ్యవే. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. విషం ఎక్కిన మనిషికి మొదట 8 నుంచి 10 వయల్స్ ఏఎస్‌వీ ఎక్కించాలి. ఏడాదికి అలాంటి కేసులు 24 వస్తాయనుకోండి. సగటున నెలకు 2, అంటే 20 వయల్స్ ఇండెంటు చాలనిపిస్తుంది. కానీ తొలకరి తర్వాత చేలల్లో మనుషులు నిండినప్పుడు ఒక్క జూలైలోనే 6 కేసులొస్తే 60 కావాలి. ఫిబ్రవరిలోనేమో ఉన్న మందు ఎక్స్‌పైరీ వైపు నడుస్తుంటుంది. ఇక్కడ కావలసిందల్లా గత మూడునాలుగేళ్ల రిజిస్టర్లను నెలవారీగా విడదీసి చూడటం. ఇందుకు పెద్ద సాఫ్ట్‌వేరేమీ అక్కర్లేదు, ఒక తెల్లకాగితం, ఒక పూట తీరిక చాలు. ఆ తీరికే దొరకదు లెండి.

ఇక క్యూ. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా పరిశోధకుడు నిరూపించిన సూత్రం ఒకటుంది. దాని ప్రకారం గంటకు 30 మంది వస్తూ, చీటీ నుంచి మందుల దాకా ఒక్కొక్కరికీ గంటన్నర పడితే, ఏ క్షణంలో చూసినా లోపల సుమారు 45 మంది ఉంటారు. ఆ సమయాన్ని గంటకు దించితే 30 మందే. కొత్త గదులు కట్టకుండానే వరండా ఖాళీ అవుతుందన్నమాట. అయితే ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? డాక్టరు దగ్గరా, ల్యాబులోనా, మందుల కౌంటరు దగ్గరా? మామూలు ఓపీ రిజిస్టరు పేరు, వయసు, ఊరు, జబ్బు చెబుతుంది, వేళ చెప్పదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకునే ఆభా టోకెన్‌తో వచ్చిన వేళ తనంతట తానే నమోదవుతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల చీటీ మీద మాత్రం గడియారం చూసి ఎవరో ఒకరు రాయాలి. మందులు ఇచ్చేటప్పుడు ఇంకోసారి.

వచ్చేవాళ్లను తగ్గించడం మరో దారి. 2023 ఏప్రిల్ 6న ఈ జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గరి లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైంది. ఇద్దరు డాక్టర్లలో ఒకరు ఆస్పత్రిలో ఉంటే, రెండోవారు 104 సంచార వైద్య వాహనంలో ఊళ్లకు వెళ్లాలని దాని ఏర్పాటు. బీపీ, షుగరు రోగులకు ఊళ్లోనే బిళ్లలు అందితే ఇక్కడి వరుస ఆ మేరకు కురచవుతుంది.

ఇందులో డాక్టరు చూసినవాళ్ల సంఖ్య కన్నా విలువైన అంకె ఇంకొకటుందని మాకనిపించింది. పోయినసారి బిళ్లలు తీసుకుని ఈసారి రానివాళ్లెందరు? రెండు జాబితాలు పక్కపక్కన పెడితే ఆ పేర్లు బయటపడతాయి, ఆశా కార్యకర్త వాళ్ల ఇళ్లకు వెళ్లొచ్చు. మిరపకోతల నెలల్లో కూలీలు తెల్లవారుతూనే ఆటోలెక్కి పోతారు. జాబితాలో ఆ ఇళ్లే ఎక్కువుంటే, 104 బండి వాళ్లు తిరిగొచ్చే సాయంత్రం వేళకు ఊళ్లో ఉండాలి.