ముప్పై ఏళ్లకు అమెరికా... చూసి రావడానికే!

మన ఇళ్లల్లో అమెరికా ప్రయాణానికి మూడే కారణాలుంటాయి. ఒకటి ఎమ్మెస్. రెండోది ఉద్యోగం, లేదంటే అక్కడ ఉద్యోగం చేస్తున్న పెళ్లికొడుకు. మూడోది కూతురి పురుడు. ఈ మూడూ కాకుండా ‘ఊరికే చూసొస్తా’ అంటే ఎవరూ నమ్మరు. పోయిన అక్టోబరులో నేను అలాగే వెళ్లొచ్చాను. నాకు 30 నిండిన సందర్భంగా, నా డబ్బుతో, దసరా సెలవులు కలుపుకుని పదహారు రోజులు.

సంగతి తెలియగానే పైవాటాలో ఉండే పిన్నిగారు “సంబంధం కుదిరిందటగా!” అన్నారు. మా పెద్దమ్మయితే “వెళ్లినదానివి ఏదో ఒకటి చూసుకుని అక్కడే ఉండిపోవే, పిచ్చిమొహమా” అంది. “పెద్దమ్మా, అది టూరిస్ట్ వీసా” అంటే, “అయితే ఏం, అందరూ అలా మొదలుపెట్టినవాళ్లేగా” అని కొట్టిపారేసింది.

నిజానికి నేనూ ఒకప్పుడు వెళ్లాల్సినదాన్నే. బీటెక్‌లో మా హాస్టల్ గదిలో నలుగురం. నలుగురికీ అడ్మిషన్లు వచ్చాయి. ముగ్గురు విమానం ఎక్కారు. లోన్‌కి తాకట్టు పెట్టడానికి మా ఇల్లు ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది, వాటాలు తేలలేదు. బ్యాంకువాళ్లు కుదరదన్నారు. నేను ఇక్కడే ఎంటెక్ చేసి, విజయవాడలో ఓ ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. తమాషా ఏంటంటే, ఏటా అమెరికా వెళ్లే పిల్లలకు రికమెండేషన్ లెటర్లు రాసేది నేనే! అలా ఎంతమందిని పంపానో లెక్కలేదు. నేను మాత్రం ఆ దేశం మొహం చూడలేదు.

రూమ్మేట్ల స్టేటస్‌లలో మంచు పడేది, కొత్త కార్లు వచ్చేవి. అసూయ అనను గానీ, ఎనిమిదేళ్లుగా చెప్పులో రాయిలా ఏదో గుచ్చుతూనే ఉండేది. ముప్పై వచ్చేలోపు ఆ రాయి తీసేయాలనుకున్నా. కాలేజీ స్టాఫ్ చీటీలో నెలకు పది వేల చొప్పున ఇరవై నెలలు కట్టాను. చివర్లో పాడుకుంటే టికెట్‌కి, ఖర్చులకి సరిపోయింది.

కిటికీ ముందు రెండు నిమిషాలు

హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ ఒకప్పుడు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది. 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలో ఉంది. అపాయింట్‌మెంట్ చేతికి రాగానే అమ్మ నన్ను చిలుకూరు తీసుకెళ్లి 11 ప్రదక్షిణలు చేయించింది. కోరిక తీరితే 108 చేయాలన్నది అక్కడి ఆనవాయితీ. పక్కన తిరుగుతున్నవాళ్లలో సగంమంది చేతుల్లో పాస్‌పోర్టులే.

కొత్తగా అప్లై చేసేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. అమెరికా చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం విజిటర్ వీసా అడిగే ప్రతి ఒక్కరినీ ‘వీళ్లు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారు’ అనే లెక్కలోనే చూస్తారు. కాదని ఒప్పించాల్సిన బాధ్యత మనదే. అంటే నేను వెళ్లగలనని కాదు, తిరిగొస్తానని చూపించాలి.

“ఎందుకు వెళ్తున్నారు?”

“నా ముప్పయ్యో పుట్టినరోజు అక్కడ చేసుకుందామని.”

ఆఫీసర్ తలెత్తి చూశాడు. అక్కడెవరున్నారు, ఏం పని చేస్తారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఖర్చు ఎవరు పెడతారు... రెండు నిమిషాల్లో అయిపోయింది. అంత జాగ్రత్తగా సర్దుకున్న ఫైలు తెరవమనే లేదు. పదేళ్ల వీసా ఇచ్చారు. అలాగని పదేళ్లు ఉండొచ్చని కాదు. ఆ పదేళ్లలో ఎన్నిసార్లయినా వెళ్లి తలుపు తట్టొచ్చు, అంతే. లోపల ఎన్నాళ్లుండాలో విమానం దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసర్ చెప్తాడు. మామూలుగా ఆర్నెల్లు ఇస్తారు. నాకూ అంతే ఇచ్చారు.

జెర్సీ సిటీలో మన వీధి

హైదరాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి దాదాపు పద్నాలుగు గంటలు ఎగిరి న్యూయార్క్. నా రూమ్మేట్ జెర్సీ సిటీలో ఉంటుంది. మధ్యలో హడ్సన్ నది. అటు న్యూయార్క్, ఇటు న్యూజెర్సీ. పాత్ అనే రైలు నది అడుగు నుంచి వెళ్తుంది. జర్నల్ స్క్వేర్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే న్యూఅర్క్ అవెన్యూ. అక్కడ ఒక ముక్కను ఇండియా స్క్వేర్ అంటారు. పాన్ షాపులు, చీరల కొట్లు, ఇడ్లీ రవ్వ బస్తాలు, దోసె వాసన. ఎనిమిదేళ్లుగా ఊహించుకున్న అమెరికా మొదటి సాయంత్రం నాకు అచ్చం మన బీసెంట్ రోడ్డులా కనిపించింది!

కొన్ని చిన్న చిన్న షాకులు కూడా తగిలాయి. షాపులో పది డాలర్లని రాసి ఉన్న కప్పు తీసుకుంటే, బిల్లు 10 డాలర్ల 66 సెంట్లు వచ్చింది. ధర మీద రాసేది అసలు మాత్రమే, పన్ను కౌంటర్ దగ్గర కలుపుతారు. కాఫీ కొంటే స్క్రీన్ మన వైపు తిప్పి ‘18, 20, 22 శాతం... టిప్ ఎంత?’ అని అడుగుతారు. మొదటి మూడు రోజులు ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చుకుని ఏమీ తినలేకపోయా. “ఒసేయ్, లెక్కలేస్తే ఆకలితో చస్తావ్” అని మా రూమ్మేట్ నా ఫోన్‌లో కరెన్సీ యాప్ తీసేసింది.

ముప్పై మూడున్నర గంటల పుట్టినరోజు

అక్టోబరులో మనకూ న్యూయార్క్‌కీ తొమ్మిదిన్నర గంటల తేడా. అందుకని నా పుట్టినరోజు అక్కడ ముందురోజు మధ్యాహ్నం రెండున్నరకే మొదలైపోయింది. అప్పుడు మేం సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో పాల డబ్బాలు కార్లో పెడుతున్నాం. ఫోన్‌లో అమ్మ, నాన్న, నిద్రకళ్లతో తమ్ముడు. ఇండియాలో పన్నెండు కొట్టిన క్షణం నుంచి అమెరికాలో పన్నెండు కొట్టేదాకా లెక్కేస్తే మొత్తం 33న్నర గంటలు. ఇంత పొడుగు పుట్టినరోజు మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు.

మర్నాడు మా రూమ్మేట్ సెలవు పెట్టింది. ఎక్కడికెళ్దాం అంటే, టైమ్స్ స్క్వేర్ వద్దు, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ చూద్దాం అన్నాను. చాలామంది న్యూయార్క్ వైపు బ్యాటరీ పార్క్ నుంచి పడవ ఎక్కుతారు. జెర్సీ సిటీలో ఉంటే లిబర్టీ స్టేట్ పార్క్ నుంచి ఎక్కండి, రద్దీ తక్కువ. టికెట్ పాతిక డాలర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. విగ్రహం కిరీటం దాకా ఎక్కాలంటే మాత్రం చాలా ముందే బుక్ చేసుకోవాలి. పీఠం పైనుంచి ఇంకా 162 మెట్లుంటాయి.

పడవ ఎక్కే చోట ఒక పాత రైల్వే స్టేషన్ ఉంది. ఇప్పుడక్కడికి రైళ్లు రావు. ఒకప్పుడు ఓడల్లో వచ్చిన వలసజనం ఎదురుగా ఉన్న ఎల్లిస్ ఐలాండ్‌లో తనిఖీలు అయ్యాక, ఇక్కడికొచ్చి రైలెక్కి దేశంలోకి వెళ్లేవాళ్లట. మా పడవ కూడా ముందు ఎల్లిస్ ఐలాండ్‌కే వెళ్లింది.

సుద్దముక్క గుర్తులు

1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది ఈ దీవి మీదుగా అమెరికాలో అడుగుపెట్టారు. 1907 ఏప్రిల్ 17న ఒక్కరోజే 11,747 మంది వచ్చారు. ఇప్పుడది మ్యూజియం. మెట్లెక్కితే పైన పెద్ద హాలు. ఆ మెట్లే మొదటి పరీక్ష. జనం సామాన్లు మోసుకుంటూ ఎక్కుతుంటే, ఆయాసపడుతున్నదెవరో, కుంటుతున్నదెవరో పైనుంచి డాక్టర్లు చూసేవాళ్లు. ఒక్కో మనిషికి ఆరు సెకన్లు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో అక్షరం వేసేవాళ్లు. కుంటితే ఎల్, గుండెజబ్బయితే హెచ్, కళ్లయితే ఇ. తర్వాత ప్రశ్నలు. పేరేంటి, డబ్బెంత ఉంది, టికెట్ ఎవరు కొన్నారు, ఎవరి దగ్గరికి వెళ్తున్నారు?

“ఇవన్నీ మనం ఆన్‌లైన్‌లో నింపే వీసా ఫారంలో ఉన్నవేగా!” అంది మా రూమ్మేట్.

ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ ప్రయాణికులను ఓడలోనే చూసి పంపేసేవాళ్లట. ఈ క్యూ అంతా థర్డ్ క్లాస్ వాళ్లకే. వచ్చినవాళ్లలో నూటికి ఇద్దరిని వెనక్కి పంపేశారు. రెండే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఇద్దరిలో ఒకరు అమ్మమ్మో, చంటిబిడ్డో అయితే? మిగతావాళ్లు లోపలికి వెళ్లాలా, వాళ్లతో వెనక్కి వెళ్లాలా?

మనవాళ్లకైతే ఆ రోజుల్లో దాదాపు తలుపే లేదు. 1917 చట్టంతో ఆసియాలో చాలా భాగం నుంచి వలసలు ఆపేశారు. 1946లో భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా ఇచ్చారు. దేశం మొత్తానికి వంద! తలుపు బాగా తెరుచుకున్నది 1965లో. ఆ ఏడు అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టింది పక్కనున్న లిబర్టీ ఐలాండ్‌లోనే, విగ్రహం పాదాల దగ్గర. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్దసంఖ్యలో రావడం ఆ తర్వాతే. మా హాస్టల్ గది ఖాళీ అవడానికి మూలం అక్కడుందన్నమాట.

ఆ పెద్ద హాల్లో అప్పటి చెక్క బెంచీలు ఇంకా ఉన్నాయి. వాటి మీద కూర్చున్నాం. మా రూమ్మేట్ ఇంటికి వచ్చి నాలుగున్నరేళ్లయింది. చదువయ్యాక హెచ్‌వన్‌బీ లాటరీలో మూడోసారికి పేరు వచ్చింది. ఏటా ఇచ్చేది 85 వేలే. వీసా మారింది గానీ పాస్‌పోర్టులో కొత్త స్టాంపు లేదు. అది అమెరికాలో వేయరు, బయటికొచ్చి కాన్సులేట్‌లో వేయించుకోవాలి. వచ్చాక డేట్ దొరక్కపోతే, ఫైలు ఆగిపోతే ఉద్యోగం పోతుందని భయం. తమ్ముడి పెళ్లి వీడియో కాల్‌లో చూసింది. గ్రీన్‌కార్డ్ సంగతి సరేసరి. ఏ దేశానికైనా ఏడు శాతం మించకూడదన్న లెక్కలో మన క్యూ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది.

“నిన్నేమో తిరిగెళ్తావా లేదా అని అడిగారు. నాకేమో వెళ్తే మళ్లీ రానిస్తారా అని భయం. చూశావా మన బతుకులు” అంది నవ్వుతూ.

నేను నవ్వలేకపోయా. ఎనిమిదేళ్లుగా నేను దాని స్టేటస్‌లు చూస్తుంటే, అది మా ఇంటి సంక్రాంతి ముగ్గుల ఫొటోలు దాచుకుంటోందట. ఫోన్‌లో ఫోల్డర్ తెరిచి చూపించింది.

తర్వాత లిబర్టీ ఐలాండ్. 1886లో ప్రారంభమైన విగ్రహం, నేల నుంచి దివిటీ దాకా 305 అడుగులు. ఫ్రాన్స్ బహుమతిగా ఇచ్చినప్పుడు రాగి రంగులో మెరిసేదట. గాలికి, ఉప్పునీటికి మెల్లగా ఆకుపచ్చగా మారింది. ఫొటోల్లో కనిపించనిది ఒకటుంది. కాళ్ల దగ్గర తెగిన గొలుసులు, వెనక్కి ఎత్తిన కుడి మడమ. ఆమె నిలబడి లేదు, నడుస్తోంది. అక్కడే గడ్డి మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. కేకు కన్నా అదే నయం.

ఆ నది పైకి వెళ్తే పెర్ల్ రివర్ అనే ఊరు వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసింది అక్కడే. 1920లలో వచ్చిన ఆ మహానుభావుడు ఎన్నో మందులు ఇచ్చి, 1948లో అక్కడే కన్నుమూశారు. మళ్లీ ఇంటికి రాలేదు. వందేళ్లుగా మన అమెరికా కథల్లో వెళ్లడమే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రావడం ఎక్కడో చిన్న అక్షరాల్లో.

ఇప్పుడు లెటర్ కోసం వచ్చే పిల్లలకు వద్దని చెప్పను. లెటర్ ఇస్తాను. ఇస్తూ లాటరీ, స్టాంపింగ్, ఏడు శాతం అన్నీ వివరంగా చెప్తాను. వెళ్లనివాళ్లకు కూడా ఒక మాట చెప్తాను. చీటీ కట్టండి, వెళ్లి చూసి రండి. నా చెప్పులో రాయి నిజంగానే పోయింది.

తిరిగొచ్చిన వారానికి తెనాలి వెళ్లాను. వెళ్లేటప్పుడు మా రూమ్మేట్ వాళ్లమ్మ స్టీలు డబ్బాలో సున్నుండలు పంపారు. ఆ డబ్బా నిండా బాదంపప్పు పోసి తిరిగి పంపింది అది. ఆంటీ మూత తీసి చూసి, “ఖాళీ డబ్బా పంపకూడదని ఇంకా గుర్తుందన్నమాట” అని మురిసిపోయారు. సన్నబడిందా, వండుకుంటోందా, జుట్టు ఊడుతోందా... అన్నీ అడిగి, చివరికి, “ఎప్పుడొస్తానందమ్మా?” అన్నారు.

స్టాంపింగ్ అంటే ఏంటో చెప్పడానికి నా పాస్‌పోర్టు తెరిచి వీసా పేజీ చూపించా. ఆంటీ దాన్ని వేలితో తడిమి చూశారు.

“ఇంతేనా? ఈ కాగితం అతికిస్తే వచ్చేస్తుందా?”

“వచ్చేస్తుంది ఆంటీ.”

“అయితే మామిడికాయల కాలానికి వేయించుకోమను. ఈసారి ఆవకాయ అదొచ్చాకే పెడతాను.”