కొండ దిగి చూసిన నగరం

ఉపాధి మనిషిని ఏ నేలపై నిలబెడుతుందో ముందుగా తెలియదు. కడప మట్టిలో పుట్టి పెరిగిన మా కుటుంబం అరకు లోయకు వచ్చి ఆరేళ్లు గడిచాయి. పిల్లల అబ్బాజాన్ ఇక్కడి పాఠశాలలో ఉపాధ్యాయులు. మా మరిది కువైట్‌లో వాహన చోదకుడు. మా దాదీమా దృష్టిలో కువైట్‌కూ అరకుకూ పెద్ద తేడా లేదు. రెండూ పరదేశాలే. నమాజు తర్వాత ఇద్దరికీ కలిపి ఒకే దుఆ చేస్తారు.

సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున తూర్పు కనుమల నడుమ ఒదిగిన ఈ లోయ మమ్మల్ని ఆదరించింది. మా ఇరుగుపొరుగు కొండదొరలు, కోటియాలు. వారు తమలో తాము మాట్లాడుకునే ఒడియా యాస మాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. అయినా చేలో రాజ్మా కోతకు వస్తే మొదటి దోసెడు మా ఇంటికి చేరుతుంది. ఈద్ నాడు మా షీర్ ఖుర్మా గిన్నెలు వారి గడపలకు వెళతాయి. ఇక్కడ కొరత అంటూ ఉంటే అది మనవారి సాంగత్యం. పిలుపుదూరంలో మదరసా లేదు. ఉర్దూలో రెండు మాటలు మాట్లాడే పెద్దలు లేరు. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతికి వస్తున్నదనగా బంధువుల సలహాలు ఎక్కువయ్యాయి. తల్లీ పిల్లలూ విశాఖపట్నంలో ఉండాలనీ, ఆయన ఒక్కరే కొండపై ఉండి ఆదివారాలు వచ్చి వెళ్లాలనీ వాటి సారాంశం.

అందుకే డిసెంబరులో ఒక రెండో శనివారం నగర సందర్శనకు బయలుదేరాము. పిల్లలకు అది విహారం. మాకు మాత్రం ఒక అద్దె ఇల్లు చూసే పని కూడా. మా అబ్బాయి తరగతిలోనే చదివే పక్కింటి కుర్రవాడు మాతో వచ్చాడు. వాడి తండ్రి నాలుగు నెలలుగా మధురవాడలో భవన నిర్మాణ పనికి వెళ్లి ఉన్నాడు. “సముద్రం చూపించకపోయినా ఫరవాలేదు మేడమ్, వాళ్ల అయ్యను ఒక్కసారి చూపించండి” అని తల్లి అడిగింది.

లోయ నుంచి రేవు దాకా

ఫజ్ర్ నమాజు ముగించుకుని తెలిసినవారి జీపులో ప్రయాణమయ్యాము. మంచు ఇంకా విడలేదు. వలిసె పూల పసుపు పలచబడుతున్న కాలమది. సుంకరమెట్ట దాటాక రోడ్డుకు ఇరువైపులా కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లను అల్లుకున్న మిరియపు తీగలు. ఈ ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పారిస్ నగరంలో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం ఉంది. పక్కింటి కుర్రవాడి తల్లి ఆ రోజుల్లో కాఫీ పండ్లు కోసే కూలికి వెళుతోంది. ఆమె చేతిలో రాలిన పండు ఏ దేశం చేరుతుందో ఆమెకు తెలియదు.

ఉదయం తొమ్మిదిన్నరకు రేవు ప్రాంతానికి చేరుకున్నాము. మా ఇంట్లో పగలూ రాత్రీ వినిపించే గూడ్సు రైళ్ల చివరి మజిలీ ఇదేనని పిల్లలకు అక్కడ చూపించాము. బైలాడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం 1960వ దశకంలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. 58 సొరంగాలు తొలిచి, సిమిలిగూడ వద్ద 996 మీటర్ల ఎత్తుకు పట్టాలు ఎక్కించారు. 1933లో ప్రారంభమైన ఈ రేవు నుంచి ఆ ఖనిజం ఓడలెక్కింది. రేవు ముఖద్వారం వద్ద మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరాలయం. దూరతీరాల నుంచి వచ్చే నావికులకు ఈ ఊరు ముందుగా చూపించే ముఖం అది. “మన కొండల నుంచి ఖనిజం వస్తుంది, కాఫీ వస్తుంది” అని మా అబ్బాయి లెక్కపెడుతుంటే, పక్కింటి కుర్రవాడు “మా అయ్య కూడా” అన్నాడు.

రెండు గదుల ఇల్లు

వన్ టౌన్ ప్రాంతంలో మాకోసం చూసి ఉంచిన ఇల్లు మేడమీద ఉంది. రెండు గదులు, చిన్న వంటిల్లు. కిటికీ తెరిస్తే మసీదు మీనారు కనిపిస్తుంది. సందు చివరనే మదరసా. తెల్లటి టోపీలు పెట్టుకున్న పిల్లలు పుస్తకాలతో వెళ్లడం చూసి మా మనసు నిండింది. ఇంటివారు ఎంతో మర్యాదగా సలాం చెప్పి టీ ఇచ్చారు. అద్దె కూడా మాకు అందుబాటులోనే ఉంది. వద్దనడానికి అక్కడ ఏ కారణమూ కనిపించలేదు.

పెద్దమ్మాయి గదులన్నీ తిరిగి వచ్చి, “అబ్బా ఏ గదిలో పడుకుంటారు?” అని అడిగింది. ఆదివారాలు వస్తారు కదా, ముందు గదిలో పడుకుంటారని చెప్పాము. తను మరి మాట్లాడలేదు. వారంలో తెలియజేస్తామని ఇంటివారికి చెప్పి దిగివచ్చాము.

ఇటుక ముక్కతో గీసిన గీత

మధురవాడ చేరేసరికి కూలీల భోజన విరామం. సగం లేచిన ఎత్తైన భవనం. దాని నీడలో సిమెంటు బస్తాలపై కూర్చుని పాతికమంది అన్నం తింటున్నారు. తండ్రి కొడుకును చూసి లేచి నిలబడ్డాడు. చేయి కడుక్కోవడం కూడా మరిచి వాడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మా వైపు తిరిగి, “గుంటడు ఎదిగిపోనాడు మాస్టారూ” అన్నాడు.

తన తలమీది టోపీ తీసి కొడుకుకు పెట్టి, ఐదో అంతస్తు వైపు వేలు చూపించి, ఆ గోడ తానే కట్టానని చెప్పాడు. పిల్లవాడు ఆ రోజు నగరంలో అంత శ్రద్ధగా దేనినీ చూడలేదు. పని మొదలుపెట్టమని మేస్త్రీ కేక వేశాడు. తండ్రి కొడుకును పూతపూయని గోడకు ఆనించి నిలబెట్టి, ఇటుక ముక్కతో తల వద్ద ఒక గీత గీశాడు. మళ్లీ వచ్చినప్పుడు ఎంత ఎదిగావో చూద్దామన్నాడు. వెంటనే తనకే గుర్తువచ్చి నవ్వాడు. నెల తిరగకముందే ఆ గోడకు సిమెంటు పూత పడుతుంది.

జీపు కదిలాక మా అమ్మాయి అడిగింది: “అమ్మీ, మన కొత్త ఇంట్లో గీత ఎవరు గీస్తారు?”

జుహ్ర్ జమాఅత్ ముగిసిన తర్వాత దారిలో ఒక మసీదు చేరాము. స్త్రీలకు అక్కడ వేరుగా ఒక గది ఉంది. ప్రయాణికులకు ధర్మం ఇచ్చిన వెసులుబాటు మేరకు నాలుగు రకాతులకు బదులు రెండే చేసుకున్నాము. దారిలో ఉన్నవారి భారాన్ని ప్రభువు తగ్గిస్తాడన్న మాట ఆ రోజు కొత్తగా అర్థమైంది. భారం ఉన్నదని ఆయనకు తెలుసు కాబట్టే కదా తగ్గించడం!

సముద్రతీరంలో

రామకృష్ణా బీచ్‌లో పిల్లల ఆనందానికి హద్దులేదు. పక్కింటి కుర్రవాడు దోసిలితో నీళ్లు తీసి రుచి చూసి ఉమ్మివేశాడు. “ఇంత ఉప్పు ఇక్కడే ఉంటే అమ్మ సంతలో ఎందుకు కొంటుంది?” అన్నాడు. అందరమూ నవ్వాము. వాడు మాత్రం సీసా నింపుకున్నాడు.

ఒడ్డునే కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉంది. సోవియట్ దేశంలో తయారైన ఈ నౌక 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో సేవలందించి, 2001లో విరమించింది. 2002 నుంచి సందర్శకులకు తెరిచి ఉంచారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదిగి నిలబడాలి. దాదాపు 75 మంది ఈ ఇనుప గొట్టంలో రోజుల తరబడి సూర్యుణ్ణి చూడకుండా గడిపేవారు. ఒకదానిపై ఒకటిగా అమర్చిన ఇరుకు పడకలను చూసి మా అబ్బాయి, వీరు ఇంటికి ఫోను ఎలా చేసేవారని అడిగాడు. నీటి అడుగున ఉన్నంతకాలం ఇంటి కబురు ఉండదని వాళ్ల అబ్బాజాన్ చెప్పారు. దేశం కోసం, కూటి కోసం, పిల్లల చదువు కోసం ఎందరు ఇంటికి దూరంగా ఉంటున్నారో ఆ ఇరుకు దారిలో నడుస్తూ తలచుకున్నాము.

మగ్రిబ్ తర్వాత తిరుగు ప్రయాణం. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలు నిద్రపోయారు. ఇంటి విషయం మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

మా నిర్ణయం

తరువాతి శుక్రవారం కువైట్ నుంచి మరిది ఫోను చేశాడు. సెలవు రోజున కువైట్ టవర్స్ దగ్గర సముద్రపు ఒడ్డున కూర్చుని ఉన్నాడు. విషయమంతా విని కొంతసేపు ఆగి, “వదినా, నాకు వేరే దారి లేక దూరంగా ఉన్నాను. నా చిన్నది నన్ను ఫోనులోని మనిషి అనుకుంటోంది. మీకు వేరే దారి ఉందేమో ముందు వెతకండి” అన్నాడు.

వెతికాము. కడపలోని పిల్లల నానా ప్రతిరోజూ మగ్రిబ్ తర్వాత ఫోనులో ఖుర్ఆన్ పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. ఉర్దూ అక్షరాల బాధ్యత మేము తీసుకున్నాము. వేసవి సెలవులు పూర్తిగా అక్కడే గడపాలని అనుకున్నాము. వన్ టౌన్ ఇంటివారికి కృతజ్ఞతలు చెప్పి, వేరొకరికి ఇవ్వమని కబురు పంపాము. వర్షం పడితే ఇక్కడ సిగ్నల్ ఉండదు, పాఠం ఆగిపోతుంది. ఆ సందు చివరి మదరసా కిటికీ గుర్తువచ్చినప్పుడు మనసు కలుక్కుమంటుంది. మేము పొందినది ఏమిటో, పోగొట్టుకున్నది ఏమిటో అమ్మాయి పెద్దదయ్యాక గానీ తేలదు.

కుటుంబం వేరుపడక తప్పని ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. వారిని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. వారి ఓర్పుకు ప్రతిఫలం ప్రభువు వద్ద ఉంది. అయితే ఎంచుకునే అవకాశం ఉన్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటి అద్దె, బడి దూరం, ఫీజు లెక్కవేసేటప్పుడు పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మనకు తట్టని ప్రశ్న వారు అడుగుతారు. అల్లాహ్ దూరంగా ఉన్నవారిని క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక! దగ్గరగా ఉన్నవారికి ఆ సాన్నిహిత్యపు విలువ తెలిసేలా చేయుగాక! ఆమీన్.