మాటలతో చూపించిన సినిమా

మీ ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్లున్నారా? సాయంత్రం అందరూ టీవీ ముందు కూర్చున్నప్పుడు వాళ్లేం చేస్తుంటారో ఎప్పుడైనా గమనించారా? మా అత్తయ్య గోడవైపు తిరిగి పడుకునేది. నిద్రొచ్చి కాదు. "ఇప్పుడేటయింది?" అని పదిసార్లు అడగడానికి మొహమాటం.

మాది అనకాపల్లి, గవరపాలెం. వయసులో ఉన్నప్పుడు అత్తయ్యకి సినిమాలంటే ప్రాణం. బెల్లం మార్కెట్ నుంచి వచ్చిన మామయ్యకి అన్నం పెట్టేసి, ఇరుగు పొరుగు ఆడవాళ్లతో రెండో ఆటకి వెళ్లేదట. నీటికాసుల జబ్బుతో మెల్లమెల్లగా రెండు కళ్లూ పోయాయి. సినిమా కూడా పోయిందనుకుంది.

ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ పక్కన కూర్చుని, తెర మీద జరిగేది చెప్పడం మొదలుపెట్టాను. మొదట్లో అన్నీ తప్పులే. డైలాగు మీద నా మాట పడేది. "పాపం, ఎంత మంచిదో" అని నా తీర్పు కూడా కలిపేసేదాన్ని. అత్తయ్య విసుక్కునేది. "మంచిదో చెడ్డదో నాను తేల్చుకుంటాను గానీ, ఏటి చేస్తందో సెప్పవే!"

ఈ పనికో పేరుందని హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి చెప్పింది. ఆడియో డిస్క్రిప్షన్ అంటారట. మాటలకీ మాటలకీ మధ్య ఖాళీలో, తెర మీద కనిపించేది ఒక గొంతు చెబుతుంది. ఇది ఎవరో దయతలచి చేసేది కాదండీ, హక్కు. వికలాంగుల హక్కుల గురించి 2016లో వచ్చిన చట్టంలోనే దీని ప్రస్తావన ఉంది. 2023 జనవరిలో 'పఠాన్' సినిమా విషయంలో ఢిల్లీ హైకోర్టు దీన్ని తయారుచేయమని చెప్పింది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం సినిమా హాళ్ల కోసం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. చూపులేనివారికి వివరణ, వినికిడి లేనివారికి తెర మీద అక్షరాలు ఉండాలని.

సెలవులకొచ్చినప్పుడు అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక పాత సినిమా పెట్టింది. 'ఇది కథ మాత్రమేనా?' అని పేరు. పాతిక నిమిషాల నలుపు తెలుపు చిత్రం. తీసింది హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్. ఈవిడ 1980లో బెంగళూరులో మరో ముగ్గురు మిత్రులతో కలిసి 'యుగాంతర్' అనే బృందం పెట్టారు. పుణెలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల మీద, నిపానీలో పొగాకు ఫ్యాక్టరీ కూలీల మీద, చిప్కో ఉద్యమం మీద చిత్రాలు తీశారు. మన తెలుగు చిత్రాన్ని 1983లో హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటనతో కలిసి తీశారు. హాళ్లలో ఆడే సినిమాలు కావవి. ప్రొజెక్టర్ పట్టుకుని, ఆడవాళ్లు ఉన్నచోటికే తీసుకెళ్లి చూపించేవారు. ఎన్నో ఏళ్ల తర్వాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ వాటిని బాగుచేయించింది. 1991లో కుటుంబ నియంత్రణ పథకం ఆడవాళ్ల ఒంటి మీద చేసిన నిర్వాకం గురించి దీపా తీసిన 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్' కూడా దేశాలు దాటి వెళ్లింది.

"అమ్మా, మాటల్లేని చోట నువ్వే చెప్పాలి" అంది అమ్మాయి. సరేనన్నాను. అత్తింట్లో నలిగిపోయి, లోపల్లోపల కుంగిపోయే ఇల్లాలి సంగతి అది. మరో ఆడమనిషి స్నేహం ఆమెకి ఊపిరి పోస్తుంది. అయితే, ఆ ఇంట్లో దెబ్బల సంగతి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. చెప్పకుండా దాటేశాను.

"ఏటి మింగేశావు?" అంది అత్తయ్య.

"ఏం లేదత్తయ్యా."

ఆవిడ కాసేపు ఊరుకుంది. తర్వాత నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "నీ పెళ్లయిన కొత్తల్లో మా వోడు నీ మీద చెయ్యెత్తినప్పుడు నాను గుమ్మంలోనే ఉన్నాను. చూసీ చూడనట్టు ఎల్లిపోనాను. అప్పుడు నా కళ్లు బాగానే ఉన్నాయి కదే" అంది.

ఇరవై ఆరేళ్లలో ఆ మాట మా ఇంట్లో ఎవ్వరూ ఎత్తలేదు. మా అమ్మాయి లాప్‌టాప్ ఆపేసింది. నేనే మళ్లీ పెట్టమన్నాను. ఈసారి ఏదీ దాచకుండా చెప్పాను.

మీరూ ఇంట్లో ప్రయత్నించండి. డైలాగు వచ్చేటప్పుడు ఆగండి. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారో చిన్న చిన్న మాటల్లో చెప్పండి. జరగబోయేది ముందే చెప్పేయకండి. ముఖ్యంగా, వాళ్లు బాధపడతారని ఏదీ దాచకండి. చూడగలిగినవాళ్లం చూసినదంతా చెప్పాలి, అంతే.

ఇప్పుడు అత్తయ్య గోడవైపు తిరగడం లేదు. నిన్న రాత్రి పప్పు తాలింపు వేస్తుంటే హాల్లోంచి కేకేసింది. "బేగి రావే, సినిమా మొదలైపోనాది!" స్టవ్ కట్టేసి వెళ్లాను. మీ ఇంట్లో మీ పిలుపు కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరు?