కట్టిన ఇంటికి కావలి

(తృతీయ బి.యస్సి. విద్యార్థి)

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెంటికీ అయ్యే ఖర్చూ, పడే పాట్లూ ఎరిగినవారే ఆ మాట అని ఉంటారు. అయితే ఆ సామెతకు మూడో ముక్క ఒకటి తగిలించాలని నాకు ఈ మధ్యనే తోచింది. కట్టిన ఇంటిని కాపాడి చూడు! ఇది సరదాకు అంటున్న మాట కాదు. మా ఇంట్లో జరిగిన సంగతి మీతో చెప్పి, దాని మీద నాకు కలిగిన నాలుగు ఆలోచనలు ఈ సంచికలో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మాది కలువాయి దగ్గర ఒక పల్లె. ఒకవైపు పెన్న, ఇంకోవైపు సోమశిల నుంచి కండలేరుకు నీళ్ళు తీసుకుపోయే వరద కాలువ. వరి, శెనక్కాయ, నిమ్మ, ఇవే మా బతుకుదెరువు. మా పాత ఇల్లు ఊరి నడివీధిలో ఉండేది. ఏడిళ్ళు ఒకదానికొకటి గోడలు ఆనుకుని ఉండేవి. మా తలుపు వెనక చేయంత మందం గడియమాను ఒకటి ఉండేది. తాళంకప్ప కూడా ఉండేది గాని దాని చెవి యాడుందో ఎవరికీ తెలియదు. ఊరికి పోవాల్సివస్తే పక్కింటి పెద్దమ్మను పిలిచి, “అక్కా, ఇల్లు చూస్తా ఉండు” అని మా అమ్మ ఒక మాట చెప్పేది. అదే మా తాళం. పంచలో అవ్వ మంచం. వీధిలో కొత్త మొహం కనబడితే చాలు, “ఎవురబ్బా నువ్వు? ఎవురింటికి?” అని అడిగేది. ఆ రెండు ప్రశ్నలు దాటుకుని లోపలికి రావడం ఎంతటి వాడికైనా కష్టమే.

నాయనా, చిన్నాయనలూ భాగాలు పంచుకున్నాక, నిరుడు మాఘమాసంలో నిమ్మతోట పక్కన రోడ్డు వారగా కట్టుకున్న కొత్త ఇంట్లోకి చేరాం. స్లాబు ఇల్లు, టేకు తలుపు, కిటికీలకు ఇనుప చువ్వలు, ముందు గ్రిల్లు. చూసినవాళ్ళంతా కోటలాగా కట్టినావు అని నాయనను మెచ్చుకున్నారు. కానీ ఊరికీ మాకూ మధ్య అర కిలోమీటరు ఖాళీ. రాత్రిపూట ఎవరైనా పిలిస్తే పలికేది ఒక్క గుడిసె. మా తోటకు కాపలా ఉండే యానాది దంపతులది.

అవ్వకు మాత్రం మొదటిరోజు నుంచీ ఆ ఇల్లు నచ్చలేదు. “ఇంతింత గోడలు కట్టినారు. ఈ గోడలు మాట్లాడతాయా?” అనేది. ముసలమ్మ చాదస్తం అని అందరూ నవ్వుకున్నారు.

శ్రావణమాసంలో మేమంతా ఆత్మకూరులో బంధువుల పెళ్ళికి పోయి, మర్నాడు పొద్దెక్కి తిరిగి వచ్చాం. ముందు తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. గొళ్ళెం చీలలతో సహా ఊడి కింద పడి ఉంది, దానికి వేసిన తాళం మాత్రం చెక్కుచెదరలేదు! బీరువాలో ఉన్న నిమ్మకాయల డబ్బు ఇరవై రెండు వేలు, అమ్మ కమ్మలు, అవ్వ వెండి కుంకుమ భరిణె పోయాయి. అవ్వ భరిణె గురించి ఒక్క మాట కూడా అనలేదు. అది తాతయ్య పెళ్ళినాడు పెట్టింది.

ఇక్కడే అసలు కథ మొదలైంది. గంటలోపల ఊరంతా మా వాకిట్లో ఉంది. ఎవరూ ఏమీ చూడలేదు గాని అందరి చూపూ ఒకవైపే పోయింది. “గుడిసెలో వాళ్ళుండగా వేరే దొంగలు యాడనుంచి వస్తారు?” అన్నాడొక పెద్దమనిషి. “నాలుగు తగిలిస్తే అన్నీ బయటికొస్తాయి” అన్నాడు ఇంకొకాయన. ఆ మనిషి మా చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ రాత్రి వాళ్ళు కయ్య కాడ కోతలకు పోయి తెల్లారి వచ్చారు. ఆ సంగతి అడిగినవాడు లేడు.

నాయన మాట్లాడకుండా పెరట్లోకి పోయి ఒక రేకు పెట్టె తెచ్చి అందరి మధ్యా పెట్టాడు. అది ఆ దంపతులదే. గుడిసెకు తలుపు లేదు గనుక, వాన పడితే తడుస్తాయి గనుక, వాళ్ళ రేషన్ కార్డూ, ఆధార్ కార్డులూ, బ్యాంకు పుస్తకమూ ఆ పెట్టెలో పెట్టి మా ఇంట్లో దాచుకున్నారు. దొంగ దాన్ని కూడా పగలగొట్టి, కాగితాలన్నీ పెరట్లో బురదలో పారేసి పోయాడు. “వాళ్ళ సొమ్ము కూడా నా ఇంట్లోనే పోయింది. వాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాల” అన్నాడు నాయన. ఆ మాటతో గుంపు పలచబడింది. స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చేటప్పుడు అనుమానితులు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, “నేను ఎవర్నీ చూడలేదు సార్” అని మాత్రం చెప్పాడు.

పెట్టె పగిలినందువల్ల వాళ్ళు నిర్దోషులని రుజువైనట్టేనా అని తర్కం తెలిసిన మిత్రులు అడగవచ్చు. కాదు, అది రుజువు కాదు. అనుమానం కూడా రుజువు కాదు. నాయన చేసిందల్లా ఈ రెండో మాట అందరికీ గుర్తుచేయడం.

ఈ సంఘటన తర్వాత నేను రెండు పనులు చేశాను. మొదటిది, ఊడిన గొళ్ళెం చేతిలోకి తీసుకుని పరిశీలించడం. దాన్ని తలుపుకు బిగించిన మరచీలలు ఒక్క అంగుళం పొడవు. మీటరు పొడవున్న గడ్డపార తీసుకుని, మొనకు 5 సెంటీమీటర్ల దూరంలో ఆనిక పెట్టి ఎత్తితే, ఇవతలి చెయ్యి 95 సెంటీమీటర్లు, అవతలిది 5. అంటే మనం వేసే బలం 19 రెట్లవుతుంది. ఒక మనిషి 20 కిలోల బలం వేస్తే అవతల 380 కిలోల బలం పనిచేస్తుంది. అంగుళం చీలలు దానికి ఆగుతాయా? తాళం ఎంత మంచిదైనా, అది పట్టుకున్న గొళ్ళెం ఎంత గట్టిదో తలుపు అంతే గట్టిది.

తాళాల సంగతి ఎలాగూ వచ్చింది గనుక ఒక విశేషం చెబుతాను. లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఆయన 1784లో ఒక తాళం కనిపెట్టాడు. 1790లో దాన్ని అంగడి కిటికీలో పెట్టి, దొంగచెవితో తెరిచినవారికి 200 గినీల బహుమానం ప్రకటించాడు. అరవై ఏళ్ళ పైచిలుకు ఎవరివల్లా కాలేదు. 1851లో లండన్ మహాప్రదర్శనకు వచ్చిన హాబ్స్ అనే అమెరికన్ 16 రోజుల్లో, మొత్తం యాభై గంటల పైన కష్టపడి దాన్ని తెరిచాడు. మనిషి చేసిన తాళాన్ని మనిషి తెరవగలడు. తాళం ఇచ్చేది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో చూసేవాడూ, పలికేవాడూ ఒకడుండాలి.

మా ప్రాంతంలోనే ఉన్న ఉదయగిరి దుర్గం చెప్పే సంగతీ ఇదే. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించినప్పుడు ఏడాదికి పైగా ఆయన సేనను నిలిపింది ఆ కొండ. అయినా 1514లో పట్టుబడింది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. అంత దుర్గమే లొంగిందంటే మా గ్రిల్లు ఏపాటిది!

ఇక నేను చేసిన రెండో పని, మా లైబ్రరీలో చట్టాల పుస్తకం తిరగేయడం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 330వ సెక్షను ఇల్లు ఛేదించడమంటే ఏమిటో చెబుతుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్న పాత నిర్వచనమే ఇది. ఆరు దారులు లెక్కపెట్టింది: కన్నం వేసుకుని రావడం, మనుషులు రావడానికి కానిచోట దూరి రావడమో గోడ ఎక్కి రావడమో, ఇంటివాళ్ళు అనుకోని తీరులో దారి తెరవడం, తాళం తెరవడం, దౌర్జన్యంతోనో బెదిరింపుతోనో చొరబడడం, మూసి ఉంచిన దారి గడియ విప్పుకుని రావడం. ఎంత చక్కగా ఉంది! మన ఇంటిచుట్టూ తిరిగి ఈ ఆరింటిలో ఏ దారి సులువో చూసుకుంటే చాలు, ఏం చేయాలో తెలిసిపోతుంది.

కానీ ఆ తర్వాత పదకొండేళ్ళకే, 1871లో, అదే తెల్లదొరల ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది. అది నేరస్థ జాతుల చట్టం. మొదటి చట్టం దొంగ వచ్చే దారులను లెక్కపెడితే, ఈ రెండోది మనుషులనే లెక్కపెట్టింది. కొన్ని కులాలు పుట్టుకతోనే దొంగలని రాసుకుంది. మన నెల్లూరు జిల్లా కావలిలో అలాంటివారిని ఉంచడానికి ఒక సెటిల్‌మెంటు కూడా నడిచింది. ఆ చట్టం పోవాలనీ, యానాదులు మనుషుల్లా బతకాలనీ మన జిల్లావాడైన వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా పాటుపడ్డారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. పుస్తకంలోంచి పోయింది సరే, మా వాకిట్లోకి వచ్చిన పెద్దమనుషుల నాలుక మీదనుంచి ఇంకా పోలేదు. పైగా విచిత్రం చూడండి. మా జిల్లాలో పొలాలకూ, తోటలకూ, పంట కల్లాలకూ తరతరాలుగా కావలి కాసింది యానాదులే. రాత్రంతా మన ధాన్యం కాసినవాడు తెల్లవారితే దొంగ ఎలా అవుతాడు?

ఇక మేము చేసుకున్న ఏర్పాట్లు చెబుతాను, కొత్త ఇళ్ళలో చేరేవారికి పనికివస్తాయి. గొళ్ళేలకు మరచీలలు తీసేసి, తలుపు చెక్క ఈవలనుంచి ఆవలికి పోయే బోల్టులు వేసి, లోపలివైపు నట్లు బిగించాం. పాత ఇంటి గడియమాను తెచ్చి వెనక తలుపుకు పెట్టించాం. ఇప్పుడు వెనక తలుపు లోపలినుంచే మూతపడుతుంది, బయట తాళం ఒక్క ముందు తలుపుకే. గోడపక్క గుబురుగా పెరిగిన చెట్లు కొట్టేశాం. వెనకవైపు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపం పెట్టాం. రాత్రికి 12 గంటల చొప్పున నెలంతా వెలిగినా మూడు యూనిట్ల పైన కొద్దిగా అవుతుంది, అంతే. డబ్బు బ్యాంకులో వేస్తున్నాం. ఊరికి పోయేవారి కోసం మన పోలీసుశాఖ ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే ఏర్పాటు పెట్టింది. ముందుగా యాప్‌లో నమోదు చేసుకుని నిఘా కోరితే, ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరాను ఉచితంగా అమరుస్తారు. పట్నాల్లో ఉండే మిత్రులు తప్పక తెలుసుకోవలసింది. అత్యవసరానికి 112 నంబరు ఇంట్లో చిన్నవాళ్ళకు కూడా నోటికి రావాలి.

కెమెరా దగ్గర మాత్రం మా ఇంట్లో పెద్ద వాదం నడిచింది. మా బావ ఒకటి కొని తెచ్చి, “గుడిసె కనబడేట్టు పెట్టండి మామా, వాళ్ళ రాకపోకలు తెలుస్తాయి” అన్నాడు. నాయన నా వైపు చూశాడు. “ఆరు దారులూ మన ఇంటివే బావా, కెమెరా వాటి మీద ఉండాల. వాళ్ళ గుమ్మం మీద కాదు” అన్నాను. బావ వెంటనే ఒప్పుకోలేదు. అవ్వ కల్పించుకుని, “ఒకరింట్లో ఆడమనిషి నీళ్ళు పోసుకునే చోటు నీకు టీవీలో చూపించాల్నా?” అని అడిగింది. దాంతో వాదం తీరిపోయింది. కెమెరా ఇప్పుడు మా రెండు తలుపులనే చూస్తోంది.

రేకు పెట్టెకు కొత్త తాళం వేయించాం. చెవి ఆయన మొలతాడుకు ఉంటుంది, పెట్టె మా బీరువాలో ఉంటుంది. మా ఇంటికి ఎవరూ లేనప్పుడు వాళ్ళు మా పంచలో పడుకుంటారు. ఆ రాత్రుల్లో తోట కూలి కాక వేరే కూలి నాయన కట్టి ఇస్తాడు. ఊరికే చేయించుకునే కావలి కావలి కాదని ఆయన మాట. పోయిన సొమ్ము ఇంతవరకూ దొరకలేదు. దొంగ ఎవడో తెలియదు. బురదలో పాడైన రేషన్ కార్డుకు బదులు ఇంకొకటి తెప్పించడానికి నేను ఆయన్ను వెంటబెట్టుకుని సచివాలయానికి మూడుసార్లు తిరిగాను. చివరికి వచ్చింది.

సోదర విద్యార్థులారా! రేపు మనం చదువులు ముగించి ఉద్యోగాలని ఏ నెల్లూరో, చెన్నైయో, హైదరాబాదో చేరతాం. అపార్టుమెంట్లలో మూడు తాళాలు వేసుకుని, ఎదురింటివాడి పేరు తెలియకుండా ఏళ్ళు గడిపేస్తాం. తాళాలు వేసుకోండి, మంచివే కొనండి, బోల్టులతో బిగించండి. దానితోపాటు ఎదురింటి తలుపు తట్టి మీ పేరు చెప్పి, వాళ్ళ పేరు అడగండి. ఎక్కడైనా ఏదైనా పోయినప్పుడు గుంపులో మీరు ఉంటే, కూలివాడి మీదికీ, కాపలావాడి మీదికీ చూపులు మళ్ళకముందే, ఎవరు చూశారని ఒక్క ప్రశ్న వెయ్యండి. అది కూడా ఇంటిని కాపాడే పనే. కాకపోతే అక్కడ కాపాడేది మన ఇల్లు కాదు, ఏ తలుపూ లేని ఇంకొకరి ఇల్లు.